కిటికీ గట్టు మీది కప్పు

టీచరమ్మకు పొద్దున్నే ఉండే కోరిక ఒక్కటే. పేపరు వచ్చేలోగా వేడివేడిగా ఒక కప్పు కాఫీ గొంతులో పడాలి. అది పడకపోతే ఆవిడకు తలనొప్పి, ఆవిడకు తలనొప్పి వస్తే ఇల్లంతటికీ తలనొప్పి. బడి నుంచి రిటైరైనా 'మనుషులంతా ఒక్కటే' అనే పాఠాన్ని మాత్రం ఆవిడ ఇంకా రిటైరు చేయలేదు. మెట్ల మీద ఎవరు దొరికినా నిలబెట్టి చెబుతుంది. "మాకలాంటి పట్టింపులేం లేవండీ" అన్నది ఆవిడ ఊతపదం.

పట్టింపులు లేని ఆ ఇంట్లో పనావిడకు మాత్రం విడిగా ఒక కప్పు ఉండేది. ఆమె పనిలో చేరిన రోజున టీచరమ్మ జీతం సంగతి కంటే ముందు "మీ ఇంటిపేరేమిటి? మీ నాన్న ఏం పని చేసేవాడు? మీవాళ్ళంతా ఎక్కడుంటారు?" అని చుట్టూ తిప్పి అడిగింది. కావలసింది రాబట్టుకున్నాక, అంచు విరిగిన పాత కప్పొకటి తీసి వంటింటి కిటికీ గట్టు మీద బోర్లించింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి 'శుభ్రత' అనే మాటను కూడా సిద్ధంగా పెట్టుకుంది. ఎవరూ అడగలేదు.

చిక్కు కొత్త కోడలితో వచ్చింది. ఆ పిల్ల విరిగిన కప్పును చూసి, "అయ్యో, పెదవి కోసుకుపోదూ!" అని పారేసి, ఒకే రకం తెల్ల కప్పులు పెట్టెడు కొనుక్కొచ్చింది. టీచరమ్మ ఎవరూ లేనప్పుడు ఒక కప్పు అడుగున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి, దాన్ని గట్టు మీదికి పంపింది. మళ్ళీ అంతా సవ్యంగా సాగింది.

ఆ ఉదయం చూసేసరికి గట్టు ఖాళీగా ఉంది.

"అమ్మాయ్, ఇక్కడో కప్పుండాలే?"

"దాని అడుగున ఏదో మరకుంది అత్తయ్యా. తుడిచేసి అన్నిటితో కలిపి పెట్టేశా."

"మరక... పోయిందా?"

"శుభ్రంగా పోయింది. ఇప్పుడు ఏది ఏదో మీరు కూడా చెప్పలేరు!"

కోడలు మెచ్చుకోలు కోసం ఎదురుచూసింది. టీచరమ్మ అలమారలో వరసగా కూర్చున్న కప్పులకేసి చూసింది. మనుషులంతా ఒక్కటే అనడం సులువే గానీ, కప్పులన్నీ ఒక్కటైపోతే బతకడమెలా?

కోడలు కలిపిచ్చిన కాఫీ ఎదురుగా పొగలు కక్కుతోంది. తాగుదామంటే గొంతు దిగదు. ఎందుకు దిగదో చెబుదామంటే ఇన్నేళ్ళ పాఠం నవ్వులపాలవుతుంది. ఆవిడ కప్పును పక్కకు నెట్టి, తక్కినవాటిని ఒక్కొక్కటే తిరగేసి, భూతద్దం పెట్టి అడుగులు వెతకడం మొదలుపెట్టింది. హోమియో పుస్తకాలు చదివి సగం డాక్టరైన భర్త గుమ్మంలో ఆగాడు.

"ఏమిటే, కప్పులకు జాతకం చూస్తున్నావా?"

"పగుళ్ళున్నాయేమోనని."

ఆ అబద్ధంలోనే ఆవిడకు దారి దొరికింది. ఆ కప్పేదో తెలియనప్పుడు అన్నీ పోతే సరి! ఒకటి చేజారింది. "పోనీలెండి అత్తయ్యా," అంది కోడలు. మరొకటి చేజారింది. "తడి చేతులు," అంది టీచరమ్మ. ఇంకొకటి కూడా పగిలేసరికి భర్త పుస్తకం పట్టుకొచ్చాడు.

"చేతులు చాపు. ఈ వణుకు ఎన్నాళ్ళనుంచి?"

"నాకే వణుకూ లేదు."

"లేదనడమే మొదటి లక్షణం. ఇందులో రాశాడు. అమ్మాయ్, ఓ కప్పు నిండా నీళ్ళు పోసివ్వు. పట్టుకోగలదేమో చూద్దాం."

కాళ్ళ దగ్గరికొచ్చిన అవకాశాన్ని వదులుకోవడం ఇష్టంలేక టీచరమ్మ కప్పును వదిలేసింది. భర్త ముఖం పాలిపోయింది. ఆయన నిజంగానే భయపడ్డాడు. ఆవిడకు జాలేసింది కానీ, అలమారలో ఇంకా కప్పులు మిగిలే ఉన్నాయి.

గోడ అవతల ఈ చప్పుళ్ళన్నీ విన్న పక్కింటావిడ, అత్తాకోడళ్ళు కప్పులు విసురుకుంటున్నారని తీర్మానించుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఊరుకోండి వదినగారూ, పాపం చిన్నపిల్ల! పదండి, మా ఇంట్లో కాఫీ తాగుదురుగాని."

"నేనేం చేశానండీ?" అంటూ కోడలు ఏడుపు మొహం పెట్టింది. మరక తుడవడం తప్ప తన నేరమేమిటో ఆ పిల్లకు తెలియదు. కోడలి తప్పేం లేదని టీచరమ్మ ఒక్క మాట అనాల్సింది. అంటే, మరి తప్పెవరిదో కూడా చెప్పాలి. ఈలోగా కాఫీ అన్న మాట విన్న కాళ్ళు వాటంతటవే పక్కింటి వైపు నడిచాయి.

కాఫీ కడుపులో పడగానే టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. నీలంపూల కప్పు అది. తానెప్పుడు వెళ్ళినా పక్కింటావిడ ఆ కప్పులోనే ఇస్తుంది. ఎంత మర్యాద తెలిసిన మనిషి అని టీచరమ్మ మురిసిపోవడం మామూలే. ఆ కృతజ్ఞత కొద్దీ ఇవాళ తనే లేచి, ఖాళీ కప్పు పట్టుకుని వంటింట్లోకి నడిచింది.

"ఈ కప్పుల పక్కన పెట్టెయ్యనా?"

"అయ్యయ్యో, వాటితో కాదు వదినగారూ!" పక్కింటావిడ గబుక్కున అందుకుని, కడిగి, తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద బోర్లించింది. అక్కడ ఇంకే కప్పూ లేదు.

ఇల్లు వేరైనా ఆ గట్టును టీచరమ్మ గుర్తుపట్టింది.

"అదేమిటి?"

"ఏం లేదు, మా అత్తగారి కాలంనుంచీ అలవాటు. ఎంతైనా మీవాళ్ళు వేరు, మావాళ్ళు వేరు కదా! నాకైతే అలాంటి పట్టింపులేం లేవు వదినగారూ. ఏదో శుభ్రత, అంతే."

టీచరమ్మకు ఒళ్ళు భగ్గున మండింది. ఇన్నాళ్ళ స్నేహం, ఇంత చదువు, చివరికి ఇదా! ఇంటి గుమ్మం చేరేసరికి కళ్ళ నిండా నీళ్ళు. కోడలి చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదే తల్లీ," అంది. భర్త ఆ చేతులకేసి చూసి మాత్రల డబ్బా కోసం పరిగెత్తాడు. ఈసారి అవి నిజంగానే వణుకుతున్నాయి.

సాయంత్రం కోడలు మళ్ళీ అలాంటి తెల్ల కప్పులే కొనుక్కొచ్చింది. రాత్రి అందరూ పడుకున్నాక టీచరమ్మ గోళ్ళరంగు సీసా వెతికి తీసింది. మర్నాడు పనావిడ గట్టు మీద తన కప్పు కనపడక, అలమారలోని కప్పులు ఒక్కొక్కటే తిరగేసి, ఎర్రచుక్క ఉన్నది వెతికి తీసుకుంది.

"ఆగాగు, అది నీది కాదు. నువ్వు మిగతావాట్లో ఏదైనా తీసుకో," అంది టీచరమ్మ.

"మరి ఇదెవరికమ్మగారూ?"

"పక్కింటావిడ వస్తే ఇవ్వడానికి."

పనావిడ ఇంకేమీ అడగకుండా ఆ కప్పును తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద బోర్లించింది. చోటు ఎవరూ చూపించనక్కర్లేకపోయింది.