చొక్కా లోపలి బెల్టు

ఆ ఉదయం బుల్లబ్బాయి పెట్టుకున్న ప్లాను చాలా చిన్నది. అమీర్‌పేటలో తమ వీధి చివరిదాకా నడిచి రావాలి, స్నానం చెయ్యాలి, పదింటికి పంజాగుట్ట నుంచి వచ్చే పెళ్లివారితో కూతురు మంజూషకు తాంబూలాలు పుచ్చుకోవాలి. నెల క్రితం ఆయన నడుములో రెండు పూసల్ని రాడ్లు, స్క్రూలు వేసి కలిపారు. రోజూ నడవమన్నారు. వంగొద్దు, మెలి తిరగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. పూసలు అతుక్కోవడానికి నెలలు పడుతుందట. ఇందులో దాచుకోవాల్సింది ఏముందో ఆయనకు బోధపడలేదు.

భార్య ఛాయాదేవికి మాత్రం బాగా బోధపడింది.

"ఆ నడుం బెల్టు చొక్కా లోపల పెట్టుకోండి. ఆపరేషన్ ఊసెత్తారంటే, రేపు పిల్లకీ ఇదే వస్తుందంటారు."

"పూస అరగడం కూడా నేరమేనా?"

"దానికి కుర్రాడు తెగ నచ్చాడు. ఈ సంబంధం పోతే మీదే పాపం. ఈ రెండు గంటలూ నోరు మూసుకోండి!"

కూతురి కోసం మూసుకున్నాడు. ఒళ్లు మండిపోతున్నా సరే.

పెళ్లికొడుకు నాయనమ్మ స్వరాజ్యం గుమ్మంలోనే ఆగింది. ఛాయాదేవి వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది. బుల్లబ్బాయి నిటారుగా నిలబడి చేతులు జోడించాడు. పెద్దావిడ మొహం మాడిపోయింది. వెనక నుంచి పెళ్లికొడుకు తండ్రి కృష్ణమోహన్ "బావగారూ!" అంటే, ఈయన మెలి తిరగకూడదు కదా, అడుగులో అడుగేస్తూ మనిషంతా తిరిగేసరికి ఆయన చిన్నబుచ్చుకుని అవతలికి వెళ్లిపోయాడు. చాప మీద కూర్చోమంటే బుల్లబ్బాయి "నిలబడతాన్లెండి" అన్నాడు. ఇంతలో పళ్లెంలోంచి కొబ్బరికాయ దొర్లి బుల్లబ్బాయికీ కృష్ణమోహన్‌కీ మధ్య పడింది. ఇద్దరూ దాని వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఛాయా, తియ్యి," అన్నాడు బుల్లబ్బాయి.

స్వరాజ్యం లేచింది. "ఏంటండీ ఇంత పొగరు? పెద్దదాన్ని, నా కాళ్లకు దణ్ణం లేదు. పిలిస్తే పలుకు లేదు. కాయ తియ్యడానికి చేతులు రావు! పదరా, పోదాం."

బుల్లబ్బాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పొగరా? నాకా?" అని అరుస్తూ చొక్కా గుండీలన్నీ విప్పేశాడు. "చూడండి! నడుం నిండా ఇనుమే! వంగితే డాక్టరు తిడతాడు, చెబితే మా ఆవిడ తిడుతుంది, ఊరుకుంటే మీరు తిడుతున్నారు. మనిషన్నవాడు ఎలా చావాలండీ?"

ఛాయాదేవి కళ్లు గట్టిగా మూసుకుంది. వంటింటి గుమ్మంలో మంజూషకు ఏడుపొక్కటే తక్కువ.

కృష్ణమోహన్ మెల్లగా దగ్గరికొచ్చి బెల్టును వేలితో తాకాడు.

"ఎప్పుడైంది?"

"నెల దాటింది."

"అప్పుడే నడుస్తున్నారా?"

"పొద్దున్నే వీధి చివరిదాకా వెళ్లొచ్చాను!"

స్వరాజ్యం కొడుకు మీద విరుచుకుపడింది. "విన్నావా? నీ నడుముకూ ఆపరేషన్ చెయ్యాలని రెండేళ్లుగా డాక్టరు మొత్తుకుంటుంటే, మంచాన పడిపోతానని దాక్కుంటావు! పొద్దున నొప్పి మాత్ర మింగి మరీ బయల్దేరావు. పైగా ఆడపెళ్లివారికి చెప్పొద్దని నాకు ఒట్టు పెట్టావు!"

ఆ తర్వాత గంటసేపు ఆ ఇంట్లో పెళ్లి ఊసే లేదు. మత్తు దిగాక ఎంత నొప్పి, పడుకుని ఒత్తిగిలడం ఎలా, మెట్లెక్కనిస్తారా అని కృష్ణమోహన్ అడుగుతూనే ఉన్నాడు. బుల్లబ్బాయి అన్నీ విడమరిచి చెప్పాడు. మధ్యలో స్వరాజ్యమే కొబ్బరికాయ తీసి పళ్లెంలో పెట్టి, మంజూషను పక్కన కూర్చోబెట్టుకుంది.

పంతులుగారు ముహూర్తం కోసం పంచాంగం తెరిస్తే, కృష్ణమోహన్ ముందు సర్జనుగారి ఖాళీ కనుక్కోమన్నాడు.