మైనస్ పదకొండు వేల లైన్లు

ఆ సాఫ్ట్‌వేర్ సంస్థలో ఎవరు ఎంత పని చేస్తున్నారో కనిపెట్టే మార్గం ఎట్టకేలకు దొరికింది. ఈ శుభవార్తను డైరెక్టరు గారు ఒక సోమవారం ఉదయం ఉద్యోగులందరినీ హాల్లో నిలబెట్టి స్వయంగా ప్రకటించారు. కుర్చీలు వేయించలేదు. కూర్చున్నవాడికి ఉత్సాహం తగ్గుతుందని ఆయన ఎక్కడో చదివారు.

"ఇన్నాళ్ళూ మనం చీకట్లో ఉన్నాం," అన్నారాయన. "తాపీ మేస్త్రీ సాయంత్రానికి ఎంత గోడ కట్టాడో కంటికి కనపడుతుంది. దర్జీ ఎన్ని చొక్కాలు కుట్టాడో కనపడుతుంది. మీరేం చేస్తున్నారో మాత్రం నాకు కనపడదు. కంప్యూటర్ వైపు చూస్తూ గడ్డం గోక్కుంటూ ఉంటారు. అడిగితే ఆలోచిస్తున్నాం అంటారు. ఇక ఆ బాధ లేదు. ఎవరు ఎన్ని లైన్ల కోడ్ రాస్తే వాళ్ళు అంత పని చేసినట్టు. పైగా మీ అందరికీ కృత్రిమ మేధను తోడుగా ఇస్తున్నాను. ఇక మిమ్మల్ని ఆపేదెవరు?"

ఎవరూ ఆపలేదు. చప్పట్లు కొట్టారు.

ఆ సంస్థ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. ఊళ్ళోని పెద్దాసుపత్రికి టోకెన్లిచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, దాన్ని నడుపుతుంది. రోగి కౌంటరు దగ్గరికొచ్చి పేరూ జబ్బూ చెబుతాడు. గుమస్తా మీట నొక్కుతుంది. టోకెన్ నంబరూ, వెళ్ళాల్సిన గది నంబరూ అచ్చయి బయటికొస్తాయి. అంతే. ఇంత చిన్న పనిలో అభివృద్ధికి అంత చోటుందని అప్పటిదాకా ఎవరూ గ్రహించలేదు.

ముందు వసారాలో ఉన్న చేపల తొట్టిని తీసేసి, ఆ స్థానంలో గోడంత బోర్డు పెట్టారు. ఎవరు ఎన్ని లైన్లు రాశారో అందులో క్షణక్షణం మారుతూ కనిపిస్తుంది. చేపల్ని టీ కాచే గదిలోకి మార్చారు. అవి ఏం సాధిస్తున్నాయని ఎవరూ అడగలేదు గనుక అవి అక్కడ సుఖంగానే ఉన్నాయి.

కృత్రిమ మేధ నిజంగా గొప్పది. అడిగిందే తడవుగా రాసిపెడుతుంది. 'పేరు తీసుకుని టోకెన్ ఇవ్వు' అంటే అరవై లైన్లు ఇచ్చేది. 'ఇంకొంచెం వివరంగా' అంటే నాలుగు వందలు ఇచ్చేది. సంస్థలో అన్నిటికన్నా ఫలవంతమైన మాట 'ఇంకొంచెం వివరంగా' అని మొదటి వారంలోనే అందరికీ అర్థమైపోయింది.

దాన్ని అందరికన్నా బాగా అర్థం చేసుకున్న కుర్రాడికి జలపాతం అని పేరు పడింది. అతను బోర్డులో మొదటి స్థానంలోకి ఎక్కి మరి దిగలేదు. టోకెన్ నంబరుకి ఒకటి కలిపితే తరువాతి టోకెన్ వస్తుందని మీకూ నాకూ తెలుసు. అతనికీ తెలుసు. కానీ అది ఒక్క లైనులో అయిపోతుంది. కాబట్టి ఒకటో టోకెన్‌కి వేరే కోడ్, రెండో టోకెన్‌కి వేరే కోడ్, అలా ఆసుపత్రికి రాగల జనం మొత్తానికీ రాయించాడు. వారంలో ఏడు రోజులకూ ఏడు రకాలుగా రాయించాడు. వాటిలో టోకెన్ల కౌంటరు మూసి ఉండే ఆదివారానిది అన్నిటికన్నా పొడుగు. డాక్టరు లేడని రోగికి మర్యాదగా నచ్చజెప్పాలి కదా.

ఖాళీ లైన్లు కూడా లెక్కలోకి వస్తాయా అని ఒకావిడ ధర్మసందేహం లేవదీసింది. యాజమాన్యం వెంటనే కమిటీ వేసింది. విరామం లేనిదే ఆలోచన సాగదనీ, కాబట్టి ఖాళీ లైను ఆలోచనకు ప్రత్యక్ష సాక్ష్యమనీ కమిటీ తేల్చింది. మర్నాటి నుంచి సంస్థలో ఆలోచన పొంగి పొర్లింది.

ఇంత కోడ్ ఎవరు చదవాలి అన్న ప్రశ్న కూడా వచ్చింది. చదవడానికి మరో కృత్రిమ మేధను పెట్టారు. ఒకటి రాస్తే రెండోది 'చాలా చక్కగా ఉంది' అని రెండు పేజీల అభిప్రాయం రాసేది. ఆ అభిప్రాయం లైన్లు కూడా రాయించినవాడి ఖాతాలోనే పడేవి. రాసినవాడు చదవలేదు, చదివినవాడూ చదవలేదు. పని మాత్రం శరవేగంతో సాగింది.

ఈ మహాయజ్ఞంలో ఒకే ఒక అపశ్రుతి కత్తెరక్క.

ఆవిడ ఆ సంస్థలో పాత మనిషి. టోకెన్ల సాఫ్ట్‌వేర్ మొదట రాసిన నలుగురిలో మిగిలింది ఆవిడొక్కతే. వయసును బట్టి అందరూ అక్కా అనేవారు. అనవసరమైన కోడ్ కనపడితే కత్తిరించకుండా ఉండలేదు గనుక కత్తెరక్క అయింది. ఆవిడకీ అందరితో పాటు కృత్రిమ మేధ ఇచ్చారు. ఆవిడ దాన్ని వాడలేదని అనడానికి వీల్లేదు. అందరికన్నా ఎక్కువే వాడింది. కాకపోతే అడిగే ప్రశ్నలు వేరు. 'ఇది ఎందుకుంది?' 'ఇలాంటిదే ఇంకెక్కడుంది?' 'దీన్ని తీసేస్తే ఏం పోతుంది?' ఆ యంత్రం పాపం వీటికీ ఓపిగ్గా జవాబులు చెప్పేది.

అలా వెతుకుతుంటే ఒక తప్పు దొరికింది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరొస్తే ఇద్దరికీ ఒకే టోకెన్ వస్తోంది. కాన్పుల డాక్టరు గదికి అప్పటికే ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు వెళ్ళొచ్చారు. కత్తెరక్క మూడు రోజులు కూర్చుని, ఆ తప్పుకి మూలమైన పదకొండు వేల పైచిలుకు లైన్లు తీసేసి, వాటి బదులు నలభై లైన్లు రాసింది. తప్పు పోయింది. కాన్పుల గదికి మళ్ళీ గర్భిణులే వెళ్ళసాగారు.

బోర్డు మీద మాత్రం ఆవిడ పేరు పక్కన ఎర్రగా మైనస్ పదకొండు వేలు అని పడింది. బోర్డు తయారుచేసినవాళ్ళు ఇలాంటి మనిషి ఉంటుందని ఊహించలేదు. అందుకని ఆవిడ పేరు జాబితా అడుగుకి, అక్కణ్ణించి ఇంకా కిందికి జారి, బోర్డు ముందున్న పూలకుండీ వెనక్కి పోయింది.

సిబ్బంది వ్యవహారాల మేనేజరు ఆవిణ్ణి పిలిపించాడు. మర్యాదస్తుడు. ముందు మంచినీళ్ళిచ్చాడు.

"మేడమ్, నేనిది బాధపడుతూ చెబుతున్నాను. మిమ్మల్ని అసలు ఉద్యోగంలోకి తీసుకోకపోయి ఉంటే, మీ వల్ల సంస్థకి కనీసం సున్నా అయినా వచ్చేది."

"సార్, ఒకే టోకెన్ ఇద్దరికి వెళ్ళేది. ఆసుపత్రి కదా, ఒకరి మందు ఇంకొకరికి ఇస్తే ఏమైపోతారు?"

"దానికి ఫిర్యాదుల విభాగం ఉంది మేడమ్. వాళ్ళకి మాత్రం పని ఉండొద్దా?"

"ఆ తప్పు ఇప్పుడు లేదు సార్."

"అదే నేనంటున్నది. లేనిదాన్ని మేం ఎలా లెక్కపెట్టాలి?"

ఆవిణ్ణి మెరుగుదల పథకంలో చేర్చారు. అంటే నెలాఖరుకల్లా ప్లస్‌లోకి రావాలి, లేకపోతే ఇంటికి పోవాలి. అప్పటిదాకా జలపాతం పక్క కుర్చీలో కూర్చుని పని ఎలా చేయాలో నేర్చుకోవాలి.

ఆ సాయంత్రం ఇంట్లో కూర తరుగుతూ ఆవిడ సంగతంతా మొగుడికి చెప్పింది. ఆయన మందుల దుకాణం నడుపుతాడు. ప్రపంచాన్ని మార్చాలన్న కోరికలు లేవు.

"పోనీ నువ్వూ రాయొచ్చుగా, ఆ చెత్తేదో?"

"చెత్తని తెలిసి ఎలా రాయమంటావ్?"

"తెలియనట్టు రాయి. ఉద్యోగం పోతే మళ్ళీ ఈ వయసులో ఎవరిస్తారే?"

మాట కటువుగా ఉన్నా అబద్ధం కాదు. మర్నాడు ఆవిడ ఆఫీసుకెళ్ళి 'ఇంకొంచెం వివరంగా' అని టైపు చేసింది. మళ్ళీ చేసింది. మధ్యాహ్నానికి పూలకుండీ వెనకనుంచి పేరు పైకి తేలింది. దారిన పోయేవాళ్ళు ఆగి అభినందించారు. మేనేజరు గాజు తలుపు అవతలి నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. కత్తెరక్క లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. మురికేమీ అంటలేదు. అయినా రెండోసారి కూడా కడుక్కుంది. తిరిగొచ్చి, పొద్దుటినుంచి రాయించినదంతా తీసేసి, గుడ్లలో నీళ్ళు తిరుగుతుంటే సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

జలపాతం చూశాడు.

"అక్కా, ఎందుకక్కా? అవి నేను కూడా చదవను. చదివితే స్పీడు తగ్గిపోద్ది."

"మరి ఎప్పుడైనా చదవాలనిపించలేదా నీకు?"

"ఒకసారి అనిపించింది. భయమేసింది."

సరిగ్గా ఆ సమయానికి డైరెక్టరు గారు ఆఫీసులో లేరు. పెద్దాసుపత్రిలో, బల్ల మీద, డొక్క పట్టుకుని ముడుచుకుని కూర్చుని ఉన్నారు. మూత్రపిండంలో రాయి. అది డైరెక్టరని చూడదు, అటెండరని చూడదు. కౌంటరు దగ్గర గుమస్తా ఆయన పేరు కొట్టి చాలాసేపయింది.

"అమ్మాయ్, నా టోకెన్ ఏమైంది?"

"తిరుగుతోంది సార్. ఆ గుండ్రంది తిరగడం ఆగితే వస్తుంది."

"ఎంతసేపు తిరుగుతుంది?"

"నిన్న పొద్దున వచ్చినావిడది ఇంకా తిరుగుతోంది సార్."

హాలు నిండా జనం. ఒళ్ళో పిల్లల్ని వేసుకున్న తల్లులు, కట్టు కట్టిన కాళ్ళు, దగ్గులు. గోడ మీది తెర వాళ్ళందరికీ 'దయచేసి వేచి ఉండండి' అని పదిహేను రకాలుగా, వివరంగా చెబుతోంది. పక్కనున్న లారీ డ్రైవరు జ్వరంతో వణుకుతూ, "ఈ కంప్యూటర్లో రాసినోడు నా చేతికి దొరకాలి గానీ," అన్నాడు. "దొరకాలి, దొరకాలి," అన్నారు డైరెక్టరు గారు అందరికన్నా గట్టిగా. ఇంతలో ఆయన టోకెన్ రానే వచ్చింది. చిన్నపిల్లల విభాగం, టీకాల గది అని ఉంది.

ఆయన అక్కణ్ణించే కత్తెరక్కకి ఫోన్ చేశారు.

"అమ్మా, ఎక్కడున్నారు?"

"జలపాతం పక్కన సార్. నేర్చుకుంటున్నాను."

"నేర్చుకోవడం ఆపండి. ఆసుపత్రిలో టోకెన్లు ఆగిపోయాయి. వెంటనే ఏదో ఒకటి చెయ్యండి."

"చేయాలంటే తీసేయాలి సార్. ఎంతవరకు తీసేయొచ్చు?"

అవతల రాయి కాస్త కదిలినట్టుంది. "ఎంతైనా తీసెయ్యండమ్మా! మొత్తం తీసెయ్యండి!"

"ఆ ముక్క మెయిల్లో పెడతారా సార్?"

పెట్టారు. అక్షరదోషాలున్నాయి గానీ భావం స్పష్టంగానే ఉంది.

కత్తెరక్క సంచి కింద పెట్టి కుర్చీ ముందుకి లాక్కుంది. జలపాతం కూడా లాక్కున్నాడు. "ఇది ఎందుకు రాశానో నాకే గుర్తులేదక్కా," అన్నాడు ఒకచోట. "నువ్వు రాయలేదుగా," అంది ఆవిడ. "అదీ నిజమే," అన్నాడు. ఒక్కొక్కటీ తీసేసి, నడిపి చూసి, టోకెన్ సరిగ్గా వస్తే తరువాతిదాని మీద పడ్డారు. అనుమానం వచ్చినచోట ఆ యంత్రాన్నే అడిగారు. ఏది దేనికి తగులుకుని ఉందో అది చక్కగా విడదీసి చెప్పింది. సాయంకాలానికి ఆసుపత్రి హాల్లో తెర టకటకా నంబర్లు చూపించడం మొదలుపెట్టింది. నిన్నటావిడకి కూడా టోకెన్ వచ్చింది. మిగిలిన కాస్త కోడ్‌నీ జలపాతం మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఉద్యోగంలో చేరాక అతను ఏదైనా చదవడం అదే మొదలు. "అక్కా, ఇది అర్థమవుతోంది!" అన్నాడు, ఏదో చూడరానిది చూసినవాడిలా.

డైరెక్టరు గారి రాయి సంగతి డాక్టర్లు చూసుకున్నారు. వారం తిరక్కుండానే ఆయన తిరిగొచ్చి, అందరినీ హాల్లో నిలబెట్టారు.

"మనిషన్నాక నేర్చుకోవాలి. నేను నేర్చుకున్నాను. కోడ్ రాయడం గొప్ప కాదు, తీసేయడం గొప్ప! కాబట్టి ఇవాళ్టి నుంచి ఎవరు ఎన్ని లైన్లు తీసేస్తే వాళ్ళు అంత పని చేసినట్టు."

కత్తెరక్క చెయ్యెత్తింది. "సార్, అది కాదు సార్. టోకెన్ సరైనది వచ్చిందా, రోగి ఎంతసేపు నిలబడ్డాడు, అది చూడండి."

"అది బోర్డు మీద ఎలా వేస్తామమ్మా? రోగి మన ఉద్యోగి కాదు కదా!"

అందరూ నవ్వారు. ఆవిడకి ఒక జ్ఞాపిక ఇచ్చి ఫొటో తీశారు. ఆ మధ్యాహ్నం నుంచే సంస్థ కొత్త పద్ధతిలో పడింది. ఉదయమంతా కృత్రిమ మేధతో తీసేయడానికి కావలసినంత కోడ్ రాయిస్తారు, భోజనాలయ్యాక తీసేస్తారు. జలపాతం రెండు రోజులు మొహమాటపడ్డాడు. మూడో రోజు మళ్ళీ మొదటి స్థానంలోకి వచ్చాడు. తీసేయదగ్గది ఏమీ రాయనందువల్ల కత్తెరక్క అట్టడుగునే ఉంది.

జ్ఞాపిక ఇచ్చిన రోజే ఆవిడ దాన్ని పట్టుకుని పెందరాళే ఇంటికొచ్చి, మొగుడి దగ్గర డైరెక్టరుని కడుపారా తిట్టింది. మనిషి బుర్రని గజాల్లో కొలుస్తారా అంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా పొడుగు చూసి పనిని అంచనా వేస్తారా అంది. ఆయన అవునంటే అవునన్నాడు. మీరూ అవుననే అంటారు.

అంతలో కూతురు బడినుంచి వచ్చి చెప్పులు విప్పింది. ఎనిమిదో తరగతి, సైన్సు పరీక్ష రాసొచ్చింది.

"ఎలా రాశావే?"

"బాగా రాశానమ్మా. అన్నీ వచ్చినవే. అరగంట ముందే అయిపోయింది."

కత్తెరక్క మొహం మారింది. "అడిషనల్ షీట్లు ఎన్ని తీసుకున్నావ్?"

"తీసుకోలేదు."

"ఒక్కటీనా? మరి మీ క్లాసు ఫస్టు పిల్ల?"

"ఆరు తీసుకుంది. కానీ అమ్మా, అడిగినవన్నీ కరెక్టుగా రాశాను, కావాలంటే పుస్తకం తీసి చూడు."

"కరెక్టుగా రాస్తే సరిపోతుందనుకుంటున్నావా?" అంది కత్తెరక్క. తల్లీ కూతుళ్ళ మధ్య దూరడం ఎందుకని మొగుడు లేచి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు.