రేవు దాటని పెళ్లికూతురు

ఆ రోజు ఉదయం లబీబ్ ఒక్క పనే పెట్టుకున్నాడు. జాబిర్ టీకొట్టులో గోడవారనున్న పేముకుర్చీలో కూర్చోవాలి.

అలెగ్జాండ్రియాలో చలికాలపు గాలి సముద్రం మీంచి లేచి, ట్రాము పట్టాలు దాటి, తిన్నగా ఆ కొట్టు గుమ్మంలోకే వస్తుంది. గుమ్మం పక్కన కూర్చున్నవాడికి భుజం పట్టేస్తుంది. ఆ కుర్చీ లబీబ్‌ది. గాలి తగలని గోడవార కుర్చీ అతని చిన్ననాటి స్నేహితుడు వగ్దీది. ఈ పంపకం పెద్దమనుషులు చేసింది కాదు, పందెంలో తేలింది.

"ఆ దిక్కుమాలిన కుర్చీ మార్చుకోకూడదూ?" అంది భార్య కరీమా, అతని భుజానికి నూనె రాస్తూ.

"ఇవాళ మారుతుంది."

"నా పెళ్లయినప్పట్నుంచీ ఇదే మాట వింటున్నాను."

"ఇవాళ వేరు" అన్నాడు లబీబ్, చాలా గంభీరంగా చొక్కా తొడుక్కుంటూ.

పందెం ఏమిటంటే, ఒకడు అందరూ మరిచిపోయిన పాత సినిమా పేరు చెప్పాలి. రెండోవాడు ఆ సినిమా గురించి ఏదో ఒకటి చెప్పాలి. చెప్పలేకపోతే గుమ్మం పక్క కుర్చీ వాడిది. లబీబ్ జీవితమంతా కళ్లజోళ్లు అమ్మి కొట్టు కొడుక్కి అప్పగించినవాడు. వగ్దీ జాగ్రఫీ మాష్టారుగా పనిచేసి రిటైరైనవాడు. వగ్దీకి తెలియని సినిమా ఇంతవరకూ తగల్లేదు.

ఇక్కడ ఆ ఊరివాళ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. వాళ్లు 'తెలియదు' అనరు. దాన్ని అబద్ధమాడటం అనుకోరు, మర్యాద అనుకుంటారు. అడిగినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం వాళ్లకి చేతకాదు. ఆ ఉదయమే ఎవరో పెద్దాయన కొట్టు ముందు ఆగి కంటాసుపత్రికి దారి అడిగాడు. జాబిర్ ఎడమవైపు చూపించాడు. వగ్దీ కుడివైపు చూపించి, జాగ్రఫీ మాష్టారు కాబట్టి దూరం కూడా చెప్పాడు. పక్క దుకాణంలోంచి మంగలి ఫర్గలీ కత్తెరతో సహా బయటికొచ్చి ట్రామెక్కమన్నాడు. పెద్దాయన ముగ్గురికీ మేలు జరగాలని కోరుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

"వాన సినిమా గుర్తుందిరా?" అని మొదలుపెట్టాడు లబీబ్. "హీరోయిన్ ఒక్కదాని మీదే వాన పడుతుంది. పక్కనున్న హీరో చొక్కా ఇస్త్రీ కూడా చెడదు."

"ఎందుకు గుర్తులేదు? నిచ్చెనెక్కి నీళ్లు పోసేవాడి నీడ గోడ మీద కనబడుతుంది. ఆ సినిమాలో బాగా చేసింది వాడొక్కడే."

"పోనీ, తండ్రికి చూపు పోయే సినిమా?"

"ఏదని చెప్పను? అన్నిట్లోనూ పోతుంది. కూతురు ఇల్లు వదిలితే పోయి, మెట్ల మీంచి పడితే తిరిగొస్తుంది. ఆ సినిమాలు ఆడినన్నాళ్లూ నీ కళ్లజోళ్ల వ్యాపారం ఎలా సాగిందో నాకిప్పటికీ అర్థం కాదు." వగ్దీ టీలో పుదీనా రెమ్మ తిప్పుతూ నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గింది. "మనిద్దరం తప్ప వీటిని తలుచుకునేవాడు లేడురా. మనం పోయిన రోజున అవి కూడా పోతాయి."

ఆ మాట లబీబ్‌కి గుచ్చుకుంది. కానీ భుజం అంతకంటే ఎక్కువ గుచ్చుతోంది. గొంతు సవరించుకుని, ఎన్నాళ్లుగానో దాచుకున్న ఆయుధం తీశాడు.

"'రేవు దాటని పెళ్లికూతురు'" అన్నాడు.

అలాంటి సినిమా లేదు. ఆ పేరు అతను స్నానం చేస్తూ కల్పించాడు. లేని సినిమాని చూసినవాడు ఉండడు కదా అని అతని లెక్క.

వగ్దీ కళ్లు మూసుకున్నాడు. చక్కెర ముక్క ఒకటి తీసుకుని, దాన్ని చూసి, మళ్లీ గిన్నెలో పెట్టాడు. కొట్టంతా అతని వైపే చూస్తోంది.

"చూశాను" అన్నాడు చివరికి. "మా అమ్మతో కలిసి, బాల్కనీలో. పడవ వస్తుంది, కానీ పెళ్లికూతురు ఎక్కదు. ఎక్కకపోవడమే ముగింపు. మా అమ్మ ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది."

లబీబ్ నోరు తెరిచాడు. అలాంటి సినిమా లేదని అనాలంటే, తను మోసం చేశానని కొట్టు మొత్తానికీ చెప్పుకోవాలి. తెరిచిన నోట్లో టీ పోసుకుని ఊరుకున్నాడు. సొంతంగా తీసిన సినిమా చేతిలోనే ఓడి, గాలి మళ్లీ భుజానికి తగిలేట్టు సర్దుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గుమ్మంలో ఫర్గలీ ఉన్నాడు.

"ఆ సినిమానా! అబ్బ, ఏం గుర్తు చేశారు మాష్టారూ! పడవవాడు మూగవాడు కదూ?"

వగ్దీ ఒక్క క్షణం తడబడ్డాడు. "మూగవాడే" అన్నాడు. "పుట్టుమూగ."

"వాడు తెడ్డు విరగ్గొట్టుకునే సీను..."

"దాన్ని మరిచిపోగలమా?" అన్నాడు జాబిర్, గ్లాసులు తుడుస్తూ.

మధ్యాహ్నానికి ఫర్గలీ దుకాణంలో గడ్డం గీయించుకున్న ప్రతివాడూ ఆ సినిమా చూసినవాడే అయ్యాడు. సాయంత్రానికి పాటలు కూడా వచ్చాయి. అసలు చిక్కు మర్నాడు వచ్చింది. పెళ్లికూతురు వేషం ఎవరు వేశారని ఎవరో అడిగారు. తెలియదనడం ఫర్గలీ వల్ల కాలేదు.

"ఇంకెవరు? మందుల షాపు మేడ మీదుండే మన మదాం ఇనాయాత్!"

మదాం ఇనాయాత్ సినిమాల్లో నటించిన మాట నిజం. కాఫీ పళ్లెం తెచ్చే పనిమనిషి వేషాలు వేసింది. కొన్నిట్లో మొహం కనబడేది, కొన్నిట్లో పళ్లెం పట్టుకున్న చేతులే కనబడేవి. ఆ వీధిలో ఆవిణ్ణి నటి అని పిలిచి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు కూరగాయలవాడు కూడా లేచి నిలబడి సలాం చేస్తున్నాడు.

ఫర్గలీ మేనకోడలు షహీరా పేటలోని సాంస్కృతిక భవనంలో సినిమా సాయంత్రాలు జరుపుతుంది. మామయ్య నోట ఈ సంగతి విని ఆ పిల్లకి కళ్లనీళ్లు తిరిగాయి. గురువారం సన్మాన సభ అని ప్రకటించింది. ఫిల్ము దొరక్కపోయినా ఫరవాలేదు, చూసినవాళ్లు మాట్లాడతారు, మాష్టారు మొదలుపెడతారు, వేదిక మీద కథానాయిక ఉంటుంది. మేడెక్కి మదాం ఇనాయాత్‌ని పిలిచింది. ఆవిడ అంతా విని, "ఎన్నింటికి రమ్మంటావు?" అని మాత్రం అడిగిందట.

ఇది వినేసరికి లబీబ్‌కి భుజం నొప్పి పోయి గుండెల్లో మొదలైంది. కుర్చీ కోసం కల్పించిన సినిమా ఒక ముసలావిణ్ణి ఊరందరి ముందూ నిలబెట్టబోతోంది. అక్కడ నిజం బయటపడితే నవ్వులపాలయ్యేది తను కాదు, ఆవిడ. వగ్దీని కొట్టు వెనక్కి లాక్కెళ్లాడు.

"ఒరేయ్, ఆ సినిమా..."

"చూశానన్నానుగా! మా అమ్మతో, బాల్కనీలో! నమ్మవా?"

"ఆ సినిమా లేదురా. నేనే కల్పించాను."

వగ్దీ మొహం పాలిపోయింది.

"నువ్వు కల్పించిన సినిమా నేనెలా చూశాన్రా?"

"అదే నేనూ అడుగుతున్నాను."

ఆ తర్వాత ఒకర్నొకరు తిట్టుకోవలసింది తిట్టుకున్నారు. దొంగ అన్నాడు వగ్దీ, అంతకంటే పెద్ద దొంగ అన్నాడు లబీబ్. తిట్లు అయిపోయాక, సభకు ముందే ఆవిడకి నిజం చెప్పెయ్యాలని ఇద్దరూ ఒప్పుకుని మేడెక్కారు.

తలుపు తెరిచే ఉంది. బాల్కనీలో నీలం పట్టుగౌను ఒకటి గాలికి ఆరుతోంది. బీరువాలో ఏళ్లతరబడి పడున్న వాసన ఇంకా వదల్లేదు. కిటికీలో నల్లబూట్లు పాలిష్ చేసి పెట్టి ఉన్నాయి. మదాం ఇనాయాత్ వాళ్లని కూర్చోబెట్టి లోపలికి వెళ్లింది. కాఫీ పళ్లెం పట్టుకుని తిరిగొచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు.

"పొద్దున్న రొట్టెలవాడు నన్ను పేరు పెట్టి పిలిచాడు" అంది. "రెండో అంతస్తావిడా అనలేదు. మదాం ఇనాయాత్ అన్నాడు. మీరిద్దరూ ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

లబీబ్ వగ్దీ వైపు చూశాడు. వగ్దీ కాఫీ కప్పు వైపు చూశాడు.

"కాఫీ చాలా బావుందండీ" అన్నాడు వగ్దీ.

మెట్లు దిగుతూ లబీబ్ పళ్లు కొరికాడు. "నీ నోరేమైందిరా?"

"నా నోట్లో బిస్కెట్టుంది. నీ నోట్లో ఏముంది?"

గురువారం నాటికి గాలివాన పట్టుకుంది. అయినా హాలు నిండిపోయింది. ఆ సినిమా చూశామన్నవాళ్లలో సగంమంది, అది ఆడిందని చెబుతున్న రోజులకి పుట్టనైనా లేదు. ముందు వరసలో ఫర్గలీ, కొత్తగా గడ్డం గీసుకుని, కన్నీళ్లకి చేతిరుమాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. వేదిక మీద నీలం గౌనులో మదాం ఇనాయాత్, పక్కన తెల్లకాగితంలా పాలిపోయిన మొహంతో వగ్దీ.

షహీరా మాష్టార్ని మాట్లాడమంది. వగ్దీ లేచాడు. అతను జీవితమంతా పిల్లల ముందు మాట్లాడినవాడే, ఇప్పుడు మాట రాలేదు. ఇంతలో వెనక వరసలోంచి సినిమా పత్రికలో రాసే కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు.

"క్షమించండి. నేను వెతికాను, ఈ సినిమా పేరు ఎక్కడా లేదు. ఏ సంవత్సరంలో వచ్చింది? తీసిందెవరు?"

హాలులో ఎవరూ కదల్లేదు. 'తెలియదు' అనడం రాని అంతమంది ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. తలలన్నీ మెల్లగా మదాం ఇనాయాత్ వైపు తిరిగాయి. ఆవిడ ఒళ్లో చేతులు గట్టిగా పట్టుకుని ఉంది. లబీబ్ అది చూసి ఇక తట్టుకోలేకపోయాడు. పోతే నా పరువు పోతుంది, ఆవిడది పోకూడదు అనుకుని లేచాడు.

"అయ్యా, తప్పు నాది. అసలు ఆ సినిమా..."

"కూర్చో నాయనా" అంది మదాం ఇనాయాత్.

లబీబ్ కూర్చున్నాడు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చింది.

"సంవత్సరం ఎందుకు బాబూ? ఆ సినిమా చెబుతాను, విను. తెల్లవారుతుంది. రేవులో పెళ్లికూతురు ఒక్కతే కూర్చుని ఉంటుంది. అవతలి ఒడ్డున పెళ్లి. పడవ ఒకటి వస్తుంది. పడవలో పెద్దమనుషులు ఆమెను చూసి, ఏమ్మాయ్, కాస్త కాఫీ అందుకో అంటారు. ఆమె అందిస్తుంది. పడవ వెళ్లిపోతుంది. ఇంకో పడవ వస్తుంది. అందులోవాళ్లకీ కాఫీ కావాలి. పెళ్లికూతురి బట్టల్లో ఉందని ఒక్కడూ గమనించడు. పొద్దుగూకుతుంది. చివరికి మూగ పడవవాడు వస్తాడు. వాడికి కాఫీ అడగడానికి నోరు లేదు. అందుకని ఆమె మొహంలోకి చూస్తాడు."

ఆవిడ ఆగింది. బయట వాన చప్పుడు వినబడుతోంది.

"అప్పుడైనా పడవెక్కొచ్చుగా?" అన్నారెవరో, ఏడుపు గొంతుతో.

"ఎక్కితే సినిమా అయిపోతుంది కదా బాబూ. ఒకడు తన మొహంలోకి చూస్తున్నాడు. ఆమె అక్కడే నిలబడిపోయింది."

ఆవిడ నిలబడింది. మాట్లాడలేదు, కదల్లేదు, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చూసింది. కొంతసేపటికి నిజంగానే ఆ ఎదురుగా ఒక పడవ ఉంది. పత్రిక కుర్రవాడు కలం జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. లబీబ్ ఏడుస్తున్నానని చెంప తడిశాకే తెలుసుకున్నాడు. ఫర్గలీ వెక్కివెక్కి ఏడుస్తూ పక్కవాడితో అన్నాడు, "సరిగ్గా ఇలాగే ఉంటుంది. నేను చూశాను కదా!"

జనం వెళ్లాక, మెట్ల మీద మదాం ఇనాయాత్ వాళ్లిద్దరి చేతులూ చెరోపక్కా పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి. ఎవరు రాశారు?"

ఇద్దరూ తలలు దించుకున్నారు.

"పేరు నేను పెట్టానండీ" అన్నాడు లబీబ్.

"ముగింపు నాది" అన్నాడు వగ్దీ, కొంచెం గర్వంగానే.

"పడవవాడు?"

"ఫర్గలీ."

"మీకు మొదట్నుంచీ తెలుసా?" అన్నాడు లబీబ్.

"నేను నటించని సినిమా నాకు తెలియదుటయ్యా? ఆ పిల్ల వచ్చి పిలిచినప్పుడు, కాదు అని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ ఆ పిల్ల పెళ్లికూతురు వేషం మీదే అంది. నా జన్మంతా పళ్లెం మోశాను. ఆ వేషం ఒక్కడూ ఇవ్వలేదు. వద్దనడానికి మనసొప్పలేదు." ఆవిడ గౌను అంచు సర్దుకుంది. "పేరు మాత్రం ఏమీ బాగాలేదు."

మర్నాడు గాలివాన తగ్గలేదు. లబీబ్, వగ్దీ టీకొట్టుకి వచ్చేసరికి గోడవార పేముకుర్చీలో మదాం ఇనాయాత్ కూర్చుని టీ తాగుతోంది. జాబిర్ ఏమీ అనకుండా గుమ్మం పక్క కుర్చీకి ఆనించి ఇంకో కుర్చీ వేశాడు. ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని గాలిలో కూర్చున్నారు.

"నాకూ పందెం ఉందా?" అని అడిగింది ఆవిడ. "నేను కథానాయికగా చేసిన సినిమా ఇంకొకటుంది. మీరెవరైనా చూశారా?"

చూశామని ఇద్దరూ ఒకేసారి అన్నారు. సినిమా పేరు ఆవిడ ఆ తర్వాత చెప్పింది.