మామగారి ఊపిరి

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. పాటల పెట్టెలకు కొత్త వైరు తగిలించి, భోజనాల వేళకల్లా భార్యకు వాళ్ళ నాన్న గొంతు వినిపించాలి. మామగారు పోయి ఏడాది కావస్తోంది. ఎప్పుడో ఆయన ఒక మైకు తను పట్టుకుని, ఇంకొకటి చిన్నపిల్లగా ఉన్న కూతురి చేతికిచ్చి నింపిన క్యాసెట్టు మొన్ననే ట్రంకుపెట్టె అడుగున దొరికింది.

"మామూలు వైరుతో మాటలే వినపడతాయి. దీంతో అయితే మనిషే వచ్చి పక్కన కూర్చుంటాడు," అన్నాడు డాక్టరు, బొటనవేలంత లావు వైరును నిమురుతూ. రోజంతా పళ్ళు తొలిచే మిషను హోరులో గడిపే తన చెవుల మీద ఆయనకు అపారమైన గురి.

"మనిషెలాగూ రాడు. గొంతు వినిపిస్తే చాలు," అంది ఆవిడ. "అదీ వినిపించకపోతే ఇవన్నీ ఇవాళే అటకెక్కుతాయి, చెబుతున్నా."

ఆవిడ తమ్ముడు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. కాఫీ ఇచ్చినా గ్లాసులో ఎంతవరకు ఉందో చూసి గానీ తాగడు. "వైరు మారితే శబ్దం మారుతుందా బావా? కొలిచి చూపిస్తే ఒప్పుకుంటా," అంటూ తన మీటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోడకున్న ప్లగ్గులన్నీ నిండి ఉన్నాయి. చేతికందినదాన్ని పీకి, మీటరు గుచ్చాడు.

క్యాసెట్టు తిరిగింది. ఒక పాప ఎక్కం అప్పజెప్పడం మొదలుపెట్టింది. "పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది, పదమూడు నాలుగులు..." అని ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆహా! ఆ నిశ్శబ్దం ఎంత శుభ్రంగా ఉందో! మామగారు ఊపిరి తీసుకుంటున్నారు, వినపడట్లా?"

"సున్నా," అన్నాడు బావమరిది.

"నీ మీటరుకి చెవుల్లేవోయ్."

"మీ చెవులకి ముల్లు లేదు బావా."

పాత వైరు తగిలించి చూశారు. ఊపిరి పోయిందన్నాడు డాక్టరు. అప్పుడూ ఇప్పుడూ సున్నాయే అన్నాడు బావమరిది. తప్పంతా చుట్టుపక్కల చప్పుళ్ళదేనన్న మాట మీద మాత్రం ఇద్దరికీ రాజీ కుదిరింది. కొత్త వైరు మళ్ళీ వచ్చింది. ఫ్యాను ఆగింది. కిటికీలు మూతపడ్డాయి. కుక్కరు కూత పెట్టకముందే పొయ్యి దిగింది, అన్నం సగం ఉడికి ఊరుకుంది. మేకులు కొట్టొద్దని పక్కింటి వడ్రంగికి చెప్పబోతే, ఆయన సుత్తితో సహా వచ్చి కూర్చున్నాడు.

"ఊపిరి వినపడుతోందా?" అని అడిగాడు డాక్టరు.

పిలిచి కుర్చీ వేసినందుకు మర్యాద ఉండాలి కదా. "ఆఁ... లీలగా," అన్నాడు వడ్రంగి.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముగ్గురు మగవాళ్ళు కళ్ళు మూసుకుని, ఏమీ లేనిదానికి తలలూపుతున్నారు.

"నాన్న ఏడండీ?"

"వైరు కొత్తది కదా, నాలుగు రోజులు అలవాటు పడాలి..."

ఆవిడ ఎడమపెట్టె వెనక్కి వంగి చూసింది. దాని ప్లగ్గు నేల మీద పడి ఉంది. నాన్న పట్టుకున్న మైకు పలికేది ఆ పెట్టెలోనే. మీటరు పీకేసి, దాన్ని గుచ్చి, క్యాసెట్టు కొంచెం వెనక్కి తిప్పింది.

"యాభై రెండు తల్లీ, కంగారెందుకు?" అంది ఎడమపెట్టె, కొద్దిగా బొంగురు గొంతుతో. "ఆగాగు. ముందు తమ్ముడి నోట్లోంచి ఆ వైరు తియ్యి. వీడేంటే, చేతికందిందల్లా పీకేస్తున్నాడు!"

వడ్రంగి సుత్తి ఒళ్ళో పెట్టుకుని పగలబడి నవ్వాడు. ఇన్‌స్పెక్టరు మీటరు తీగను బుద్ధిగా చుట్టుకోసాగాడు. ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ వెనక్కి తిప్పింది. ఇంకోసారి తిప్పింది. అన్నం సంగతి ఎవరూ అడగలేదు.

పెట్టెలు అటకెక్కలేదు. లావు వైరు మాత్రం పెరట్లో దండెమైంది. ఎన్ని తడి దుప్పట్లు వేసినా అది అంగుళమైనా సాగలేదని బావమరిది కొలిచి చెప్పాడు, డాక్టరు నమ్మాడు.