అయివారు కొండకు పోవడం

బడికి వేసవి సెలవులు ఇచ్చిన మరునాడు పొద్దున్నే ఉరుకుందప్ప మాస్టరు ట్రంకుపెట్టె అడుగు నుంచి ఉన్ని కోటు తీసి, దులిపి, పెరట్లో తీగ మీద ఆరేశాడు. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పని అదొక్కటే. ఇవాళ కోటు ఆరాలి, రేపు పరుపుచుట్ట కట్టాలి, ఎల్లుండి నంద్యాల బస్సు ఎక్కాలి. అక్కడి నుంచి నాలుగు రైళ్ళు మారితే ఊటీ.

కోయిలకుంట్ల బడిలో ఆయన భూగోళం చెప్పబట్టి పదిహేడేళ్ళు. సిమ్లా ఎంత ఎత్తు, డార్జిలింగు చుట్టూ ఏం పండుతుంది, కాశ్మీరు లోయలో జనం పడవల్లోనే ఎలా కాపురం ఉంటారు, ఇవన్నీ ఆయనకు నోటికి వచ్చు. రైలు కంపెనీ వాళ్ళు అచ్చేసిన బొమ్మల కాగితాలు కూడా ఒక కట్ట దాచుకున్నాడు. కానీ ఆయన స్వయంగా ఎక్కిన ఎత్తయిన ప్రదేశం బడి మిద్దె. అది కూడా వాన కారుతుంటే మన్ను పోయించడానికి.

సొంతూరు ఎమ్మిగనూరు. నేతపని వాళ్ళ ఇంట్లో పుట్టి, చదువుకుని, ఉద్యోగం మీద ఇంత దూరం వచ్చాడు. భార్య బసమ్మ పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. బడి ఉన్నన్నాళ్ళు రోజుకు ఐదు గంటలు మాట్లాడే మనిషికి సెలవుల్లో మాట్లాడటానికి ఎవరూ ఉండరు. నాపరాళ్ళ ఇల్లు పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ సెగంతా తిరిగి ఆయన మీదికే వదులుతుంది. పోయిన వేసవిలో ఒకసారి వరసగా నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడే పని పడలేదు. ఐదో రోజు పాలు పోసే ఆమెతో "చాలమ్మా" అంటే, గొంతు బొంగురుగా పలికి, తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. ఈ వేసవి ఇక్కడ ఉండకూడదని ఆ రోజే తీర్మానించుకున్నాడు.

కోటు సర్దుతుండగా పక్కింటి సిద్దమ్మ గోడ మీది నుంచి తొంగి చూసింది.

"అదేంది అయివారూ, ఈ ఎండలకు కోటు తీసినారు?"

ఉరుకుందప్పకు పాఠం చెప్పే పద్ధతి ఒకటుంది. ముందు సామాన్యం, తరువాత విశేషం. ముందు పర్వతం, తరువాత దాని పేరు.

"కొండకు పోతాండానమ్మా. ఆడ శానా చలి," అని, పేరు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

"కొండకా! గోవిందా, గోవిందా!" సిద్దమ్మ తడిచేతులతోనే దండం పెట్టి లోపలికి పరుగెత్తింది. "అత్తా, యాడుండావు? అయివారు కొండకు పోతాండారంట!"

ఆ వైపు జనానికి కొండ అంటే ఒకటే కొండ. దాని మీద ఉండే దేవుడూ ఒకడే. భూగోళం చెప్పే మనిషికి ఈ సంగతి తట్టకపోవడం వింతే గానీ, తట్టేసరికి గోడ అవతల ఎవరూ లేరు.

గంట తిరగకముందే సిద్దమ్మ అత్త గురమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటిన ముసలమ్మ. చేతిలో పసుపుగుడ్డలో కట్టిన ముడుపు.

"మా కొడుకు పుల్లయ్యకు జ్వరమొచ్చినప్పుడు మొక్కుకుంటి నాయనా. మూడేండ్లుగా ఉట్టి మీదనే ఉండాది. నీ చేత్తో హుండీలో ఎయ్యి."

"అవ్వా, నేను పోయేది..."

"రోంత నీళ్ళియ్యప్పా ముందు." ఆమె గడప దగ్గర చతికిలబడింది. చెంబెడు నీళ్ళు తాగి, ఇంటి లోపలంతా కలియజూసింది. "బసమ్మ ఉన్నప్పుడు ఈడనే కూచొని వక్కలు కత్తిరించుకుంటా ఉంటిమి. మళ్లా ఇదే రావడం."

ఆరేళ్ళలో ఆ గడప మీద మనిషి కూర్చోవడం అదే మొదలు. ఉరుకుందప్ప ముడుపు అందుకున్నాడు. ఎవరికైనా ఇచ్చి పంపిద్దాంలే, ఒక్కటే కదా అనుకున్నాడు.

సాయంత్రానికి పద్నాలుగయ్యాయి. ముడుపులతో పాటు మనుషులూ వచ్చారు. ఒకామె తీర్థానికి చెంబు తెచ్చింది. ఒకాయన మనవరాలి పెళ్ళి కుదిరితే మెట్టు మెట్టుకూ పసుపు పూస్తానని మొక్కానని, తనకు నడుము వంగదు కాబట్టి ఆ కాస్త పని అయివారే చూడాలని బతిమాలాడు. దీపాలు పెట్టే వేళకు భజన గుంపు పెద్ద గురుస్వామి నలుగురిని వెంటబెట్టుకొచ్చి చాప మీద కూర్చున్నాడు.

"ఒక్కరే ఎట్ల పోతారు అయివారూ? మేమూ వస్తాండాము. రైలు టేసన్ల పలకలు చదివేటోడు మాకెప్పుడు దొరకల్ల?"

ఉరుకుందప్ప ధైర్యం చేశాడు. "గురుస్వామీ, నేను పోయే కొండ వేరేనప్పా."

"ఏడు కొండల్లో ఏదైతే ఏముంది అయివారూ? అన్నిటికీ సామి ఒక్కడే." గురుస్వామి చేతులు జోడించాడు. వెంట వచ్చిన నలుగురూ గోవింద కొట్టారు.

ఆ రాత్రి సిద్దమ్మ జొన్నరొట్టెలూ చెనక్కాయల పొడీ పంపింది. మరునాడు మరెవరో సంగటి పంపారు. పొద్దునా సాయంత్రం జనం వచ్చి, ఏ బండి ఎక్కడ మారాలో చెప్పమనేవాళ్ళు. ఉరుకుందప్ప సుద్దముక్కతో గోడ మీద నంద్యాల, గుంతకల్లు, కడప, రేణిగుంట వరసగా గీసి చూపించాడు. ఇంత నోరు తెరుచుకుని విన్న తరగతి ఆయనకు ఎన్నడూ దొరకలేదు. నిజం చెప్పాలని రోజూ అనుకునేవాడు. చెబితే వీళ్ళంతా లేచి వెళ్ళిపోతారు కదా అని రోజూ మానేసేవాడు.

ఎల్లుండి అనుకున్న ప్రయాణం తొమ్మిదో రోజుకు గానీ తెమలలేదు. ఇరవై రెండు మంది, ముప్పైకి పైగా మూటలు, రెండు కావిళ్ళ సామాను, జత తాళాలు, ఒక హార్మోనియం. నంద్యాల స్టేషనులో హార్మోనియం తప్పిపోయి దొరికింది. గుంతకల్లులో గురుస్వామే తప్పిపోయి, బొంబాయి వెళ్ళే బండిలో దొరికాడు. పలకలు చదివేవాడు కనుక అందరినీ లెక్కపెట్టే పనీ, వెతికే పనీ, నీళ్ళు తెచ్చే పనీ అయివారివే అయ్యాయి.

రేణిగుంటలో అందరూ దిగారు. ఆఖరి మూట దించి ఉరుకుందప్ప వెనక్కి తిరిగేసరికి, తాము వచ్చిన బండి మద్రాసు వైపు కదిలింది. ఆయన అనుకున్న దారి అదే. మద్రాసు చేరితే ఆ రాత్రికే నీలగిరి బండి. ఒక పెట్టె కిటికీ దగ్గర ఎవరో ఒంటరి మనిషి పుస్తకం చదువుకుంటూ కనిపించాడు. బండి కనుమరుగయ్యేదాకా ఉరుకుందప్ప కళ్ళు ఆ కిటికీ మీదే ఉన్నాయి.

"అయివారూ, మా చెంబు కనపల్లేదు!" అని వెనక నుంచి కేక వినిపించింది. ఆయన చెంబు వెతకడానికి వెళ్ళాడు.

తిరుపతి సత్రంలో అసలు చిక్కు వచ్చింది. పొద్దున్నే అందరూ మెట్లెక్కాలి. ఇన్ని మూటలూ ఎవరు కాయాలి? ఒకరికి తలనీలాల మొక్కు, ఒకరికి పొర్లుదండాల మొక్కు. మెట్లకు పసుపు పూసే మొక్కుకు కూడా ఆ పెద్దాయన మనవరాలే పూనుకుంది. గురుస్వామి అందరినీ అడిగి, చివరికి ఈయన వైపు తిరిగాడు.

"మీకేం మొక్కు ఉండాది అయివారూ?"

ఉరుకుందప్ప ఆలోచించాడు. ఏదో ఒకటి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మొక్కుకోవడానికి తనకు ఎవరున్నారు? "ఏమీ లేదప్పా," అన్నాడు.

"అట్లయితే మూటల కాడ మీరుండండి. మీ ముందర ఉంటే ఏదీ పోదు," అని గురుస్వామి తేల్చేశాడు. పద్నాలుగు ముడుపులూ ఎవరివి వాళ్ళు, రానివాళ్ళవి గురుస్వామి తీసుకున్నారు. కొండకు పోతానని కోయిలకుంట్ల అంతటినీ కదిలించిన మనిషి కొండ కింద సత్రంలో మూటల మధ్య కూలబడ్డాడు. దూరంగా గోవింద నామాలు మెట్ల వెంట పైకి పైకి పోయి సన్నబడ్డాయి. తర్వాత అవీ వినిపించలేదు. ఇంట్లో ఉన్నట్టే ఉంది.

"నాయనా, రోంత వక్కాకు అందియ్యి."

స్తంభం చాటు నుంచి గురమ్మ గొంతు. ఆమె మోకాళ్ళు మెట్టెక్కవు.

"అవ్వా, నువ్వు పోలేదా? మీవాళ్ళు డోలీ మాట్లాడతామనిరే!"

"నలుగురు నన్ను మోసేది ఒక్కసారే అప్పా. దానికింకా టయిముండాది."

రెండు రోజులు ఇద్దరూ అక్కడే ఉన్నారు. వక్కాకు అయింది, ఊరి మాటలు అయ్యాయి. రెండో పూటకు గురమ్మ, "పిల్లోల్లకు ఏం చెప్తావో అది చెప్పు నాయనా, పొద్దు పోతాది," అంది. ఉరుకుందప్ప మొదలుపెట్టాడు. మంచు రాలిపడే సిమ్లా గురించి, సరస్సు మీద పడవ ఇళ్ళ గురించి, మబ్బులు కిటికీలోంచి ఇంట్లోకి వచ్చిపోయే డార్జిలింగు గురించి చెప్పాడు. చివరికి ఊటీ దగ్గరికి వచ్చాడు. అక్కడ వైశాఖంలోనూ కంబళి కప్పుకోవాలనీ, కొండ పైదాకా రైలే పోతుందనీ, ఎండలు ముదరగానే మద్రాసు లాటుదొర, అంటే గవర్నరు, భార్యాపిల్లలతో, గుమాస్తాలతో, కచేరీ కాగితాలతో సహా ఆ కొండ ఎక్కి, వానలు పడ్డాకే దిగుతాడనీ చెప్పాడు.

"నువ్వెప్పుడు పోయింటివి?"

"పోలేదవ్వా. ఈసారి పోదామనుకుంటి." ఆయన పక్కనున్న మూట ముడి బిగించాడు. "నేను పోతానన్న కొండ అదే. మీరు ఇది అనుకున్నారు."

గురమ్మ నవ్వలేదు. "ఒక్కనివే ఆడికి పోయి ఏం చేస్తావు?"

"ఈడ ఒక్కణ్ణే ఉంటే అందరికీ తెలుస్తాదవ్వా. ఆడ ఎవరికీ తెలీదు గదా."

ఎండకు సత్రం రాళ్ళు చిటపటమంటున్నాయి. ముసలమ్మ చేతిలోని ఆకుకు సున్నం రాసి, మడిచి, తన నోట్లో వేసుకోకుండా ఆయన చేతిలో పెట్టింది.

మూడో రోజు అందరూ గుండ్లతో, లడ్లతో దిగివచ్చారు. తిరుగు ప్రయాణంలో ఎవరి దర్శనం గురించి వాళ్ళు చెప్పుకున్నారు. కోయిలకుంట్లలో బస్సు దిగి, ఎవరి మూట వాళ్ళు ఎత్తుకుని, "వస్తాము అయివారూ" అని ఎవరి వీధికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఉరుకుందప్ప తాళం తీసి లోపలికి వెళ్ళాడు. వారం దాకా ఎవరూ రాలేదు. సెలవులు ఇంకా నెల మిగిలి ఉన్నాయి.

ఎనిమిదో రోజు పొద్దున తలుపు చప్పుడైంది. తెరిస్తే గురుస్వామి, పుల్లయ్య, సిద్దమ్మ, వాళ్ళ వెనక వీధి నిండా జనం. అందరి ముందు కర్ర పట్టుకుని గురమ్మ.

"మాకు చెప్పకుండా ఇన్నాళ్ళు దాచినారే అయివారూ!" గురుస్వామి నొచ్చుకున్నాడు. "ఊటీ కొండ మీద అంత మహిమ గల దేవుడున్నాడని అవ్వ చెప్తే గదా మాకు తెలిసింది!"

"దేవుడా? ఆడ దేవుడెవరూ లేరప్పా! చలి ఉంటాది, అంతే!"

"లాటుదొర ఇంటిల్లిపాదితో, కచేరీతో ప్రతి ఏడూ కొండెక్కి మూడు నెల్లు దీచ్చ ఉంటాడంటే, వట్టి చలికేనా?" అన్నాడు పుల్లయ్య. "మనకు తెలీకూడదని దాచుకుంటాండారు గానీ!"

జనం అవునంటే అవునన్నారు. ఉరుకుందప్ప గురమ్మ వైపు చూశాడు. "అవ్వా, నేను చెప్పింది ఇదేనా?"

"నువ్వు చెప్పింది నువ్వు చెప్పినావు. నాకు తెలిసింది నేను చెప్పినా," అంది గురమ్మ, గడప మీద తన చోట్లో కూర్చుంటూ. "ఆడ మెట్లుండవంట గదా. కొండ పైదాకా రైలే పోతాదని నువ్వే అంటివి. ఈ ఏడు నేనూ వస్తా. ఒక్కనివే పోయేది లేదు."

కాదు, లేదు అని మధ్యాహ్నం దాకా చెప్పి చూశాడు. ఆయన కాదన్న కొద్దీ వాళ్ళ నమ్మకం గట్టిపడింది. జనం వెళ్ళేటప్పటికి, వచ్చే బుధవారానికి ముప్పై నాలుగు మంది సిద్ధమయ్యారు.

ఆ సాయంత్రమే ఉరుకుందప్ప మాస్టరు ఊటీ పోస్టుమాస్టరు గారికి ఉత్తరం రాశాడు: మీ ఊళ్ళో గుడి ఏదైనా ఉందేమో దయచేసి వెంటనే తెలుపగలరు, దేవుడు ఎవరైనా మాకు అభ్యంతరం లేదు.