కేసులో ఉన్న తలుపు

ఆ రోజు పొద్దున రైటర్ పెట్టుకున్న పని ఒక్కటే: పోలీస్ స్టేషన్ వెనకాల ఉన్న మరుగుదొడ్డి తలుపుకు ఫొటో తీయడం.

రైటర్ అంటే కథలు రాసే మనిషి కాదు. స్టేషన్‌లో ఫిర్యాదులు, రిజిస్టర్లు, పై ఆఫీసులకు వెళ్లే ఉత్తరాలు రాసే కానిస్టేబుల్. వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు. ఏం రాసి ఉందో తెలియని కాగితాల మీద తండ్రి వేలిముద్రలు వేయడం చూస్తూ పెరిగాడు కాబట్టి, ఏ కాగితాన్నీ చివరి అక్షరం దాకా చదవందే వదలడు. అందుకే స్టేషన్‌లో అతన్ని రూల్సన్న అంటారు. కొందరు ప్రేమగా, కొందరు పళ్లు నూరుతూ.

"ఇవాళైనా ఆ తలుపు సంగతి తేలుతుందా?" అంది భార్య, టీ గ్లాసు చేతికిస్తూ. "ఆ పిల్లకు ఆరో నెల కడుపు. తన అవస్థ తలుచుకుంటేనే నాకు మనసు పీకుతోంది."

"పన్నెండింటికల్లా దరఖాస్తు వెళ్లిపోతుంది."

"వెళ్లాల్సింది దరఖాస్తు. రావాల్సింది తలుపు. ఆ తేడా మర్చిపోకు."

ఆ పిల్ల అంటే స్టేషన్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళా కానిస్టేబుల్. అందరికీ చెల్లాయి. ఆ తలుపు కింది సగం నీళ్లకు నాని పుచ్చిపోయింది. గడియ ఎప్పుడో ఊడిపోయింది. లోపలికి వెళ్లినవాళ్లు ఒక చేత్తో తాడు పట్టుకుని తలుపును లాగి ఉంచాలి. మగవాళ్లు లోపల ఉన్నట్టు తెలిసేలా పాట పాడుతూ ఎలాగో నెట్టుకొచ్చేస్తున్నారు. చెల్లాయి మాత్రం వీధి చివర టైలరమ్మ ఇంటిదాకా నడిచి వెళ్తోంది.

పోలీసు భవనాల నిర్మాణం, మరమ్మతుల నిబంధనల పుస్తకాన్ని రూల్సన్న నాలుగు రోజులు చదివాడు. కొత్త భవనానికి ప్రధాన కార్యాలయం మంజూరు చేయాలి. ఓ మోస్తరు పనులకు పై అధికారి చేయాలి. తలుపులాంటి చిన్న పనికి ఇన్‌స్పెక్టర్ సంతకం, వడ్రంగి రాసిచ్చిన అంచనా, పని మొదలుపెట్టకముందు తీసిన ఫొటో ఉంటే చాలు, భవనాల విభాగం చిన్న మరమ్మతుల నిధి నుంచి ఇచ్చేస్తుంది. గడువు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు. దాటితే మళ్లీ వచ్చే ఏడాదే.

పదింటికి ఫోన్ తీసుకుని వెనక్కి వెళ్లాడు. ద్వారబంధం ఉంది. లోపల బకెట్ ఉంది. బకెట్‌లో మగ్గు ఉంది. తలుపు లేదు.

జరిగింది చాలా చిన్న విషయం. ఎదురు వీధిలో ఉండే వడ్రంగిని అందరూ బాబాయి అంటారు. అంచనా కాగితం ముందురోజే రాసిచ్చాడు. గడియ కొలత ఇంకోసారి చూసుకుందామని తొమ్మిదింటికి వెనక సందులోంచి వచ్చినప్పుడు, టైలరమ్మ ఇంటి నుంచి నడుం పట్టుకుని వస్తున్న చెల్లాయి అతనికి ఎదురైంది. "కొలతలేంటమ్మా, మధ్యాహ్నానికి బాగుచేసి తెచ్చేస్తా" అని తలుపు ఊడదీసి, నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఈ సంగతి తెలిసింది చెల్లాయి ఒక్కదానికే. ఆమె వెంటనే సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్లింది. కోర్టు హాల్లో ఫోన్లు ఆపేయాలి.

రూల్సన్న చుట్టుపక్కల వెతికాడు. కనిపించినవాళ్లందరినీ అడిగాడు. చూశామన్నవాళ్లు లేరు. అబద్ధం రాయడం అతనికి చేతకాదు కాబట్టి ఖాళీ ద్వారబంధానికే ఫొటో తీసి, కింద "ప్రస్తుతం తలుపు లేదు" అని రాసి దరఖాస్తు పంపాడు. పావుగంటలో భవనాల విభాగం ఇంజనీరు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, తలుపు పాడైందా, పోయిందా?"

"నిన్నటిదాకా పాడైంది సార్. ఇవాళ పోయింది."

"పాడైతే మరమ్మతు. పోతే దొంగతనం. మా ఆస్తుల జాబితాలో ఆ తలుపు నలభై ఒకటో అంశం. కేసు పెట్టి, ఆ కాపీ జతచేసి పన్నెండు లోపు పంపు. లేదంటే ఈ ఏడాదికి ఇంతే సంగతులు."

"కేసు ఎక్కడ పెట్టాలి సార్?"

"మీది పోలీస్ స్టేషనే కదయ్యా?"

విషయం వినగానే ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "జనం తలుపులు కాపాడమని మనకు జీతాలిస్తుంటే, మన తలుపే పోయిందని మనమే రాసుకోవాలా? నలుగురూ నవ్విపోతారయ్యా!"

"పన్నెండు లోపు రాయకపోతే చెల్లాయికి ఏడాదిదాకా తలుపు ఉండదు సార్."

ఇన్‌స్పెక్టర్ మంచివాడు. పెన్ను మూత తీశాడు. "సరే, రాయి. గుర్తుతెలియని వ్యక్తులు కొంత సామగ్రి తీసుకెళ్లారని రాయి. మరుగుదొడ్డి అనే మాట మాత్రం రానివ్వకు."

"అది రాయకపోతే ఏ తలుపో తెలియదు కదా సార్."

"నువ్వు చదువుకోకుండా ఉంటే నేను హాయిగా బతికేవాణ్నయ్యా."

కేసుకు నంబరు పడింది. కాపీ పన్నెండు లోపే ఇంజనీరుకు వెళ్లింది. పోలీస్ స్టేషన్‌లోనే దొంగలు పడ్డారంటే మాటలా? కబురు తెలియగానే పై అధికారి పోలీసు కుక్కను పంపించాడు. కుక్క ద్వారబంధం వాసన చూసింది. నేల వాసన చూసింది. వరండా అంతా ఒక చుట్టు చుట్టి, తిన్నగా ఇన్‌స్పెక్టర్ గదిలోకి వెళ్లి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పైకి చూసింది.

ఇన్‌స్పెక్టర్ కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఎనిమిదింటికి వెళ్లానయ్యా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "అప్పుడు తలుపుంది. తాడు పట్టుకుని పాట కూడా పాడాను."

"విన్నాం సార్" అన్నాడు గుమ్మంలో ఉన్న సెంట్రీ.

సరిగ్గా అప్పుడే వెనక సందులోంచి కేక వినిపించింది. "జరగండి, జరగండి! నెత్తిన బరువుంది!"

బాబాయి వస్తున్నాడు. నెత్తిన తలుపు. పుచ్చిన కింది భాగం కోసేసి కొత్త చెక్క అతికించాడు. ఇత్తడి గడియ తళతళలాడుతోంది. కుక్క తోక ఊపుకుంటూ ఎదురెళ్లింది.

"ఒక్క తలుపు బిగించడానికి ఇంతమందా?" అన్నాడు బాబాయి సంబరంగా. "ఒకరు చెయ్యేస్తే చాలు నాయనా."

"బాబాయ్, ఇది ఎక్కడిది?" అన్నాడు రూల్సన్న నీరసంగా.

"ఎక్కడిదేంటి? మీదే. గుర్తుపట్టలేదా? అంత బాగా చేశానన్నమాట!"

కేసు సంగతి చెప్పేసరికి బాబాయి తలుపు దించి, దాని పక్కనే చతికిలబడ్డాడు. "అంటే ఇప్పుడు నేను దొంగనా?"

"ఎవరన్నారు బాబాయ్? పొరపాటున పెట్టిన కేసని రాసి మూసేస్తాం. కానీ మూయడానికి కోర్టు ఒప్పుకోవాలి. అప్పటిదాకా ఇది దొరికిన సొత్తు. సీలు వేసి దాచాలి."

"ఆ పేజీ చింపేస్తే పోలా?" అన్నాడు సెంట్రీ. రూల్సన్న రిజిస్టర్‌ను తన వైపు లాక్కున్నాడు.

"కోర్టు ఎప్పటికి ఒప్పుకుంటుంది?" అని అడిగాడు బాబాయి.

"మొదటి వాయిదా మూడు నెలలకు."

"అప్పటికి ఆ పిల్ల పురిటికి వెళ్తుంది కదయ్యా!"

తలుపు మూలకు గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేసి, చీటీ కట్టి సొత్తు గదిలో పడుకోబెట్టారు.

మూడింటికి చెల్లాయి కోర్టు నుంచి వచ్చింది. వచ్చీ రాగానే వెనక్కి వెళ్లింది. ఖాళీ ద్వారబంధం చూసి తిరిగొచ్చి రూల్సన్న బల్ల ముందు కూర్చుంది. కథంతా విని, కుక్క దగ్గరికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అంది:

"అన్నయ్యా, పొద్దుట్నుంచి నేను గుక్కెడు నీళ్లు తాగలేదు. తాగితే అంత దూరం నడవాలని రోజూ ఇంతే. బిడ్డ చుట్టూ నీళ్లు తగ్గాయని డాక్టరమ్మ మొన్న తిట్టిపోసింది. ఇవాళ తలుపు వచ్చేస్తుంది, రాగానే చెంబుడు నీళ్లు తాగుదామని దారంతా అనుకుంటూ వచ్చా. పోన్లే. మూడు నెలలే కదా."

రూల్సన్న పెన్ను కింద పెట్టాడు. తండ్రిని ముంచినవి చదవని కాగితాలు. చెల్లాయిని ముంచింది తాను నాలుగు రోజులు కూర్చుని చదివిన కాగితం. లేచి వెళ్లి బీరువాలోంచి ఇంకో పుస్తకం తీశాడు. సొత్తు భద్రపరిచే నిబంధనలు. దుమ్ము దులిపి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. అయిదింటికి కుర్చీలోంచి లేచి పరుగెత్తాడు.

"సార్!"

"మళ్లీ ఏం చదివావయ్యా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ భయంభయంగా.

"మనం తప్పు చేశాం సార్. చెక్క సొత్తును నేల మీద పడుకోబెట్టకూడదట, చెద పడుతుందట. గాలి ఆడే చోట, నేలకు తగలకుండా నిలబెట్టి, వంగిపోకుండా ఇనుప బందులతో బిగించాలట. గడియలు తుప్పు పట్టకుండా రోజూ వేసి తీసి చూసి, తనిఖీ పుస్తకంలో రాయాలట."

"అయితే ఇప్పుడేమంటావ్?"

"తలుపును బందులతో నిలబెట్టడానికి అనువైన చోటు మన ఆవరణలో ఒక్కటే ఖాళీగా ఉంది సార్."

ఇన్‌స్పెక్టర్ అతని వంక చూశాడు. కిటికీలోంచి వెనక్కి చూశాడు. పొద్దుట్నుంచి మొదటిసారి ఆయన మొహం విప్పారింది. "మరి ఆ తనిఖీ ఎవరు చేస్తారు?"

చెల్లాయి చెయ్యెత్తింది. "లోపలివైపు నుంచి నేను చేస్తా సార్. రోజుకు ఎన్నిసార్లయినా."

బాబాయిని పిలిపించారు. సీలు చెదరకుండా, చీటీ నలగకుండా పావుగంటలో తలుపును పాత ద్వారబంధానికే బిగించాడు. చెల్లాయి చెంబుడు నీళ్లు గడగడా తాగి, కాసేపటికి మొదటి తనిఖీకి వెళ్లింది. గడియ పడిన చప్పుడు వరండా దాకా వినిపించింది. బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

రెండు నెలల తర్వాత పై అధికారి తనిఖీకి వచ్చాడు. సొత్తు పుస్తకం తెరిచి, కళ్లజోడు సర్దుకున్నాడు. "తనిఖీ చేశాను, గడియ బాగుంది" అని ఒకే చేతిరాత, రోజుకు తొమ్మిదిసార్లు, ఆదివారాలు తప్ప.

"మిగతా స్టేషన్లలో సొత్తు వైపు నెలకోసారి చూసే దిక్కు లేదు. ఇక్కడ రోజుకు తొమ్మిదిసార్లా! ఎవరమ్మా నువ్వు? నీకు ప్రశంసాపత్రం రాయిస్తా. పదండి, ఆ సొత్తు నేనూ చూడాలి."

చూపించారు. ఆయన లోపలికి వెళ్లి, గడియ వేసుకుని, తీరిగ్గా బయటికొచ్చి పుస్తకంలో రాశాడు: "స్వయంగా పరిశీలించాను. సంతృప్తికరం."

చెల్లాయికి కూతురు పుట్టింది. అదే వారం భవనాల విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. కేసు మూసిన వెంటనే నలభై ఒకటో అంశమైన తలుపును కేంద్ర గిడ్డంగికి అప్పగించి, కొత్త తలుపుకు మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని దాని సారాంశం. రూల్సన్న ఆ ఉత్తరాన్ని చివరి అక్షరం దాకా చదివి, మడిచి, బల్ల సొరుగులో అట్టడుగున పెట్టాడు. అప్పట్నుంచి ప్రతి వాయిదాకూ ఇస్త్రీ బట్టలు వేసుకుని కోర్టుకు వెళ్తాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క కాగితం మరిచిపోని మనిషి, వాయిదా రోజు మాత్రం ఏదో ఒకటి మరిచిపోయి, ఇంకో వాయిదా తెచ్చుకుంటాడు.

చెల్లాయి కూతురికి నడక వచ్చింది. కేసుకు ఇంకా రాలేదు.