గురువారం వల

ఎడిత్ చావు భోజనంలో పంది తొడ మాంసం పల్చగా కోశారని సైలస్ అన్నాడు. సొంత తమ్ముడై ఉండి, నలుగురిలో అన్నాడు. ఇంగ్లండులో, సఫోక్ పల్లెల్లో మనిషిని పంది తొడ పెట్టి సాగనంపితేనే మర్యాద. అది పల్చన అన్నాడంటే ఎడిత్ మొగుడి మర్యాద పల్చన అన్నట్టే. కాబట్టి హ్యూబర్ట్ గారడ్ ఎనిమిది నెలలుగా బావమరిదితో మాట్లాడటం లేదు. ఇందులో తప్పొప్పుల చర్చ ఏమీ లేదు.

అయినా నవంబరులో ఒక గురువారం ఉదయం హ్యూబర్ట్ సైలస్ వంటింట్లో కూర్చోవలసి వచ్చింది. శనివారం చర్చి వార్షిక విందు. ఇరవై ఏడేళ్లు ఆ బల్ల మీద ఎడిత్ వండిన కుందేలు కూర ఉండేది. ఈ ఏడు డబ్బా మాంసంతో సరిపెడదామని పాస్టరుగారి భార్య అంది. ఎడిత్ కుండ ఉండేచోట డబ్బా! హ్యూబర్ట్ లేచి, పన్నెండు కుందేళ్లు తాను తెస్తానని అందరి ముందూ అనేశాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది, తన జన్మలో ఒక్క కుందేలునూ పట్టలేదని. ఎడిత్ వండినవన్నీ సైలస్ పట్టి ఇచ్చినవని అతని లెక్క.

వల మాత్రం ఉంది. ఎడిత్ తండ్రిది, నూరు గజాల పొడవు. చర్చికి పోయే ఇంటి ఆడది పొలాల వెంట వల పట్టుకు తిరగకూడదని పెళ్లినాడే హ్యూబర్ట్ చెప్పాడు. ఎడిత్ మారు మాట్లాడకుండా దాన్ని కొట్టంలో కొక్కేనికి తగిలించింది. ఇన్నేళ్లయినా ఎలుక కొట్టలేదు, ఒక్క కన్ను తెగలేదు. పాతకాలపు నార గట్టిదనుకున్నాడు హ్యూబర్ట్.

"నెల్, కుందేళ్లు ఎలా పట్టాలో నీ మొగుణ్ణి అడుగు" అన్నాడు.

సైలస్ అదే బల్లకు అవతల కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏమయ్యా, అన్నయ్య అడుగుతున్నాడు" అంది నెల్.

"చీకటి, గాలి రెండూ ఉండాలని చెప్పు. ఇవాళ ఉంటాయి. అయిదింటికి కుందేళ్లు పొలంలో మేస్తుంటాయి. వాటికీ చిట్టడవికీ మధ్య వల కట్టాలి. నేను పైనుంచి తోల్తాను. వల వదులుగా ఉండాలి. బిగిస్తే తగిలి వెనక్కి పడి పారిపోతాయి."

"వదులుగానట, అన్నయ్యా."

"నాకు చెవుడు లేదని చెప్పు."

"పొలంలోకి దిగాక దీపం పెట్టకూడదు, నోరు మెదపకూడదు" అన్నాడు సైలస్.

"ఆ రెండోది మాకిద్దరికీ బాగా వచ్చని చెప్పు."

"మీ మధ్య నేనేమన్నా తపాలా బంట్రోతునా?" అంది నెల్.

"ఇంకోటి," అన్నాడు సైలస్, "కాలిదారి దగ్గర..."

"మిగతాది నాకు తెలుసని చెప్పు" అంటూ హ్యూబర్ట్ లేచాడు. "ఏమస్ పెగ్‌కి కూడా కబురు పెట్టు. నాకు గొంతు నొప్పి, ఇవాళ పాటకు రానని."

ఏమస్ చర్చి క్వయర్‌కు, అంటే పాటల బృందానికి, పెద్ద. గురువారం సాయంత్రాలు అభ్యాసం. పాతికేళ్లకు పైగా హ్యూబర్ట్ కింది స్వరం పాడుతున్నాడు. గాలి వీచే రోజుల్లో తన గొంతు బాగా పలుకుతుందని అతని నమ్మకం. ఆ రోజుల్లో ఏమస్ "ఇంకోసారి, హ్యూబర్ట్" అని ముమ్మారు పాడించేవాడు. ఈ మధ్య మాత్రం అభ్యాసం అరగంటలో ముగుస్తోంది. ఏమస్‌కి వయసు మీద పడిందని హ్యూబర్ట్ జాలిపడ్డాడు.

అయిదింటికి కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. హ్యూబర్ట్ ఊతకర్రలు పాతి వల కట్టాడు. వదులుగానే కట్టాలనుకున్నాడు. కానీ అవి జీవితమంతా కంచెలు బిగించిన చేతులు. తీగ వేలాడుతుంటే ఊరుకోలేవు. కట్టడం పూర్తయ్యేసరికి వల వీణ తీగలా మోగింది. కాలిదారికి అడ్డంగా కూడా బిగించి, చివర తాడు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

తాడు టప్‌మని అదిరింది. కుందేలు! వెంటనే ఏమీ లేదు. మళ్లీ టప్. మళ్లీ ఏమీ లేదు. వచ్చినవి వచ్చినట్టే తిరిగి పోతున్నాయి. ఎడిత్ కుండలో డబ్బా మాంసం ఉడుకుతున్నట్టు కళ్లముందు మెదిలింది.

అంతలో తాడు గట్టిగా గుంజింది. ఒకటి. పెద్దదే. రెండు. ఇంకా పెద్దది. మూడు, నాలుగు, అయిదు. తాడు చేతిలోంచి జారిపోయింది, ఊతకర్రలు పెళ్లగిలాయి. హ్యూబర్ట్ మోకాళ్ల మీద పాకి, మొదటిదాని మెడ విరవడానికి చెవుల కోసం తడిమాడు. గడ్డం దొరికింది.

"వదలరా చచ్చినోడా!" అంది కుందేలు.

"ష్!" అన్నాడు హ్యూబర్ట్. నియమం నియమమే.

"హ్యూబర్టా? నీకు గొంతు నొప్పి కదరా?"

"నొప్పే" అన్నాడు హ్యూబర్ట్ గుసగుసగా.

క్వయర్ మొత్తం అభ్యాసానికి అడ్డదారిన పోతూ వలలో పడింది. లాంతరు గాలికి ఆరిపోయిందట. వాళ్లింకా లేవకముందే పైనుంచి సైలస్ తోలిన కుందేళ్లు చిట్టడవి వైపు దూసుకొచ్చాయి. ఇప్పుడు వల కావలసినంత వదులుగా ఉంది. ఒకటి ఏమస్ కోటులో దూరింది. రెండు పాటలవాళ్ల కాళ్ల మధ్య చిక్కుకున్నాయి. చర్చిలో ఎన్నడూ అందని పైస్వరాలు ఆ పొలంలో అందుకున్నారు.

సైలస్ పరుగున వచ్చి లాంతరు వెలిగించాడు. వలలో పద్నాలుగు కుందేళ్లు, అయిదుగురు మనుషులు.

"దారి దగ్గర నాలుగడుగులు ఖాళీ వదలాలని తెలీదా?" ఏమస్ గడ్డం సవరించుకుంటూ అరిచాడు. "ఎడిత్ ఎప్పుడూ వదిలేది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. మిగిలిన నలుగురూ తమ బూట్లు చూసుకున్నారు.

"ఎడితా?" అన్నాడు హ్యూబర్ట్.

"నేను చెప్పబోయాను, బావా" అన్నాడు సైలస్. "నువ్వు లేచిపోయావు."

"ఎప్పుడు వచ్చేది?"

"గురువారాలు. మరి నువ్వు ఇంట్లో లేనిది అప్పుడే కదా?"

"అందుకేగా గాలి రోజుల్లో నీచేత మూడుసార్లు పాడించేది" అన్నాడు ఏమస్. "వల విప్పి ఇల్లు చేరడానికి ఆవిడకు గంటన్నర పట్టేది మరి."

హ్యూబర్ట్ లాంతరు దగ్గరికి వల లాక్కుని తడిమి చూశాడు. ప్రతి అతుకు దగ్గరా రెండు ముళ్లు. తన చొక్కా బొత్తాలకు కూడా ఎడిత్ అలాగే వేసేది.

"అయితే నా గొంతు?" అన్నాడు.

"గొంతుకేం," అన్నాడు ఏమస్, "నూనె వేయని బండి ఇరుసులాంటిది. ఎక్కడున్నావో ఊరంతటికీ తెలిసేది."

శనివారం బల్ల మీద ఎడిత్ కుండే ఉంది. సైలస్ పళ్లెంలో హ్యూబర్ట్ స్వయంగా పెద్ద ముక్క వేశాడు.

"పల్చగా ఉందా?"

"లేదు, బావా."

"నన్ను బావా అనకు" అన్నాడు హ్యూబర్ట్. పంది తొడ సంగతి వేరు, అది క్షమించేది కాదు. వల సంగతి తన ముందు ఎవరూ ఎత్తకూడదని, తానూ చచ్చేదాకా ఎత్తనని బల్ల చుట్టూ ఉన్న అందరికీ చెప్పాడు.

మాట మీద నిలబడ్డాడు. గాలి వీచే గురువారాల్లో అతనికి గొంతు నొప్పి వస్తుంది. ఆ రోజుల్లో కొట్టంలో కొక్కెం ఖాళీగా ఉంటుంది, కాలిదారి దగ్గర నాలుగడుగుల ఖాళీ ఉంటుంది.